5 రాత్రులు, 10 మంది, 7 రకాల వైన్: గుడారాల దగ్గర ఏది బాగుంది, ఏది కుదరలేదు

మొన్న సెలవులకి ఏటి ఒడ్డున ఐదు రాత్రులు గుడారాలు వేసుకుని ఉన్నాం. పెద్దవాళ్లం ఆరుగురం. మామయ్యగారు, అత్తయ్యగారు, వదిన, అన్నయ్యగారు, మా ఆయన, నేను. పిల్లలు నలుగురు. పొయ్యి ఒకరు, పరుపులు ఒకరు, తిండి సామాను ఒకరు అని పనులు పంచుకుంటుంటే, వైన్ సంగతి నేను చూసుకుంటానని ముందే చెప్పేశాను. దానికి కారణం ఉంది.

కిందటిసారి వెళ్లినప్పుడు ఇంట్లో ఎనిమిదేళ్లు దాచిన రెడ్ వైన్ సీసా పట్టుకెళ్లాం. అందరం ఒకచోట కూర్చున్నప్పుడు తెరవాలని ఆశ. దారిలో భోజనానికి ఆగినప్పుడు కారు ఎండలో ఉండిపోయింది, సీసా డిక్కీలో ఉంది. తలుపులు మూసిన కారు లోపల ఎండకి వేడి 50 డిగ్రీలు దాటేస్తుంది. వైన్‌కి 30 దాటితేనే కష్టం. సాయంత్రం సీసా చేతిలోకి తీసుకుంటే బిరడా పైకి తన్నుకొచ్చి ఉంది, మెడ చుట్టూ జిగటగా కారిన చార. పోసి వాసన చూస్తే ఉడికించిన జామ్ వాసన. ఎనిమిదేళ్లు చీకట్లో పడుకోబెట్టి కాపాడుకున్నది ఒక్క మధ్యాహ్నంలో పోయింది. రెండో సీసా రాయికి తగిలి పగిలింది. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు అది. చీకటి పడ్డాక టార్చి వేసుకుని, వదినా నేనూ మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో గాజు ముక్కలు ఏరాం. పొద్దున్నే లేచి మళ్లీ వెతికితే ఇంకో మూడు ముక్కలు దొరికాయి. ఆ మూడూ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి.

అందుకే ఈసారి నెల ముందునుంచీ ఆలోచించాను. ఇంట్లో అయితే ఆ పూట వంట చూసి వైన్ ఎంచుకుంటాం. గుడారాల దగ్గర చల్లదనం మన చేతిలో ఉండదు, మంచి గ్లాసులుండవు, వెలుతురు ఉండదు, ముక్కు నిండా పొగ వాసన. ఇన్నిటి మధ్య కూడా రుచి చెడకుండా ఉండే వైన్ కావాలి. కాస్త వేడెక్కినా, మరీ చల్లబడినా, స్టీలు గ్లాసులో పోసినా ఇంకో గుటక తాగాలనిపించాలి. పేరు, ఖరీదు పక్కన పెట్టి, ఈ ఓర్పు దేనికెంత ఉందన్నదే కొలతగా పెట్టుకుని ఆరు రకాలు కొన్నాను. ఏడోది అన్నయ్యగారు తెచ్చారు.

ఇంకో పని కూడా చేశాను. బయల్దేరేముందు ఫోన్ చేసి అక్కడి నియమాలు కనుక్కున్నాను. చాలా క్యాంపుల్లో గాజు సీసాలు రానివ్వరు. కొన్నిచోట్ల మద్యానికే అనుమతి ఉండదు. మేం వెళ్లిన చోట రెండూ ఫర్వాలేదన్నారు గానీ, గాజు వీలైనంత తగ్గించాలని నేనే అనుకున్నాను. తప్పని సీసాలు ఒక్కోదాన్నీ ఒక్కో ఉన్ని మేజోడులో దూర్చి, ఒకే బుట్టలో నిలబెట్టాను. బుట్ట కదలదు, సీసా బుట్ట దాటి పిల్లలు ఆడే వైపు రాదు. ఈ నియమం ఐదు రోజులూ అందరూ పాటించారు.

ముందు పెట్టె వైన్ గురించి చెప్పాలి, ఎందుకంటే దాని మీద ఉన్న చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది. నేను కొన్నది దక్షిణ ఫ్రాన్స్ రోజే, అంటే గులాబీ రంగు వైన్, గ్రెనాష్, సాన్సో ద్రాక్షలతో చేసింది, 12.5 శాతం ఆల్కహాల్, 3 లీటర్ల అట్టపెట్టె. చూడగానే మా ఆయన "పెట్టెలోదా?" అన్నాడు. అవును, పెట్టెలోదే. 3 లీటర్లంటే 4 సీసాలు. మామూలు గాజు సీసా ఖాళీదే దాదాపు అరకిలో తూగుతుంది, కాబట్టి నాలుగు సీసాలు మోస్తే 5 కిలోలు. ఈ పెట్టె మొత్తం కలిపి 3 కిలోల మీద కొంచెం. కింద పడ్డా పగలదు. అయిపోయాక మడిస్తే చంకలో పట్టేంత.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఆస్ట్రేలియాలో థామస్ ఆంగోవ్ అనే వైన్ తయారీదారు 1965లోనే అట్టపెట్టెలో సంచి పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటికి కుళాయి లేదు. సంచి మూల కత్తిరించి పోసుకుని, మళ్లీ క్లిప్పు పెట్టి మూసుకోవాల్సి వచ్చేది. కుళాయి తర్వాత వచ్చింది. ఇందులో కిటుకంతా సంచిదే. వైన్ బయటికి వచ్చిన కొద్దీ సంచి ముడుచుకుపోతుంది, గాలి లోపలికి వెళ్లదు. సీసా తెరిస్తే రెండు మూడు రోజుల్లో రుచి వాలిపోతుంది గానీ, పెట్టె తెరిచాక చల్లగా ఉంచితే నాలుగు వారాల పైనే బాగుంటుంది. క్యాంపులో ఇది ఎంత సుఖమో అనుభవిస్తేనే తెలుస్తుంది. ఎవరికి ఎంత కావాలో అంతే పట్టుకుంటారు. "తెరిచాం కదా, అవగొట్టేద్దాం" అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు.

వెళ్లిన రోజే అట్టపెట్టె విప్పేసి సంచి ఒక్కటే బయటికి తీశాను. వెండిరంగు సంచి, చేప కడుపులా మెత్తగా, చల్లగా. పగలంతా ఐస్ డబ్బాలో నీళ్లలో మునిగి ఉండేది. పెట్టెతో పెడితే చల్లబడటానికి సగం రోజు పడుతుంది, అట్ట తడిసి ముద్దవుతుంది. సాయంత్రం ఐదింటికి తీసి తువ్వాలు చుట్టి, మా టెంటు పక్కన చెట్టుకి వంగి ఉన్న కొమ్మకి తగిలించేవాళ్లం. కుళాయి కింద చిన్న గిన్నె పెట్టడం మర్చిపోకండి, ఎంత గట్టిగా మూసినా ఒకటి రెండు చుక్కలు కారతాయి, ఆ చుక్కలకి చీమలు వరసకడతాయి. నాలుగో రోజుకి సంచి బాగా సన్నబడింది. వదిన రెండు అరచేతుల మధ్య పెట్టి పైనుంచి కిందికి నిమురుతూ పిండుతుంటే, చివరి గ్లాసుల దాకా వచ్చింది.

రుచి ఎలా ఉందంటే, పుచ్చకాయలో ఎరుపు అయిపోయి తెలుపు మొదలయ్యే చోట ఒక చల్లటి రుచి ఉంటుంది కదా, అది. తీపి లేదు. చివర్లో కొంచెం ఉప్పగా అనిపించి నోరు శుభ్రమవుతుంది. కాల్చిన చేపకీ, కాల్చిన మొక్కజొన్నకీ, ఉడకేసిన బంగాళాదుంపకీ, పిల్లలు వదిలేసిన చీజు ముక్కకీ అన్నిటికీ సర్దుకుంది. కాస్త వేడెక్కాక కూడా తాగేలాగే ఉంది. ఐదు రోజుల్లో ఎక్కువ ఖర్చైంది ఇదే.

పెట్టె కొనేటప్పుడు మాత్రం తేదీ చూడాలి. సంచి ప్లాస్టిక్‌లోంచి ప్రాణవాయువు అతి నెమ్మదిగా లోపలికి వెళ్తూనే ఉంటుంది, అందుకే మూత తీయకపోయినా ఇది ఏళ్ల తరబడి దాచుకునేది కాదు. ప్యాక్ చేసిన నాటినుంచి ఏడాది లోపు తాగేయాలి, ఎంత కొత్తదైతే అంత మంచిది. ఒకసారి ఒక దుకాణంలో కొన్న పెట్టె ఇంటికొచ్చి తెరిస్తే, గులాబీ రంగు పోయి ఉల్లిపొర రంగుకి తిరిగింది, దెబ్బతిన్న ఆపిల్ వాసన. చూస్తే ప్యాకింగ్ తేదీ మీదే ధర కాగితం అంటించి ఉంది. పీకి చదివితే పదహారు నెలల కిందటిది. వాపసు తీసుకోమంటే, తెరిచినది తీసుకునేది లేదన్నారు. తెరవకుండా ఎలా తెలుస్తుందండీ? అప్పటినుంచి పెట్టె అడుగుభాగం చదవకుండా డబ్బు ఇవ్వడం మానేశాను.

ఇక నాకు అన్నిటికన్నా ప్రీతి కలిగించినది బోజొలే. ఫ్రాన్సులో బర్గండీకి దక్షిణాన ఉన్న కొండల్లోది, గమే అనే ద్రాక్షతో చేసే రెడ్. రెండు సీసాలు తీసుకెళ్లాను, ఒకటి బోజొలే విలాజ్, ఇంకోటి ఫ్లూరీ అనే ఊరి పేరున వచ్చేది. ఆ ప్రాంతంలో తమ పేరు మీదే వైన్ అమ్ముకునే హక్కు ఉన్న పది చోట్లలో ఫ్లూరీ ఒకటి. మోర్గాన్, బ్రూయీ లాంటివి కూడా అందులోవే.

బయట తాగడానికి రెడ్ ఎంచుకోవడంలో ఒక చిక్కు ఉంది. రెడ్ వైన్‌లో ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు ఉంటుంది. చల్లబడిన కొద్దీ ఆ వగరు నాలుకని గీరినట్టు పైకి తేలుతుంది. వేడెక్కిన కొద్దీ ఆల్కహాల్ ఘాటు ముక్కుకి కొడుతుంది. చిక్కటి రెడ్‌కి 16 నుంచి 18 డిగ్రీల మధ్యే సుఖం. గుడారంలో ఆ రెండు డిగ్రీల సందు పట్టుకోవడం ఎవరివల్లా కాదు. గమేలో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. పైగా బోజొలేలో చాలామంది గుత్తులు నలపకుండా అలాగే మూతవేసిన తొట్టిలో వేస్తారు, బొగ్గుపులుసు వాయువు నిండిన తొట్టిలో పండు లోపలే పులియడం మొదలవుతుంది. దానివల్ల పండు వాసన బాగా దిగుతుంది, వగరు అంతగా దిగదు. కాబట్టి 12, 13 డిగ్రీలకి చల్లబరిచినా నోటికి మెత్తగానే ఉంటుంది. ఈ గమేని 1395లో బర్గండీ ప్రభువు ఫిలిప్ తన రాజ్యంలోంచి పీకించేయమని ఆజ్ఞ ఇచ్చాడు, నీచమైన ద్రాక్ష అని తిట్టి మరీ. దక్షిణాన బోజొలే గ్రానైట్ కొండల మీద అది హాయిగా పెరిగింది. ఆ కొండలకి నేను కృతజ్ఞురాలిని.

రెండో రోజు సాయంత్రం చల్లబరిచే పని మామయ్యగారు తీసుకున్నారు. ఏటిలో నీళ్లు పాదం పెడితే ఝుమ్మనేంత చల్లగా ఉన్నాయి. ఒడ్డు పక్కన నీడలో మూడు రాళ్లు పేర్చి చిన్న గూడు కట్టారు. సీసా మెడకి తాడు రెండు చుట్లు చుట్టి, ఇంకో కొస వేరుకి కట్టి, సీసాని పడుకోబెట్టి నీళ్లలో దించారు. గాలి కన్నా నీళ్లు వేడిని చాలా రెట్లు వేగంగా లాగేస్తాయి, అందులోనూ పారే నీళ్లు. నలభై నిమిషాలకి తీస్తే సీసా గాజు మీద మన వేళ్ల ముద్రలు పడుతున్నాయి. పేరున్న కాగితం ఊడి కొట్టుకుపోతే కింద ఆడుతున్న మా చిన్నది పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"రెడ్‌ని చల్లగా తాగకూడదంటారు కదమ్మా?" అన్నారు మామయ్యగారు.

"అన్నిటికీ వర్తించదు మామయ్యగారూ. ఒక్క గుటక చూడండి."

చూశారు. ఏమీ అనలేదు. ఏటివైపు చూస్తూ ఇంకో గుటక తాగారు. చెర్రీలు, కోరిందపళ్లు, వాటి వెనక తడి రాయి వాసన. నిప్పుల మీద చికెన్ ముక్కలు చిటపటమంటున్నాయి, పొగ మా మీదికే వస్తోంది, అయినా ఆ పండు వాసన స్పష్టంగా తెలుస్తోంది. కాసేపటికి గ్లాసు నావైపు జరిపి, "ఆ తాడు ఇటియ్యి, రెండోది కూడా దించుతా" అన్నారు. ఫ్లూరీని మూడో రోజుకని దాచాను, కానీ ఆయన మొహం చూశాక ఆపబుద్ధి కాలేదు. ఫ్లూరీ ఇంకొంచెం పూల వాసనగా, పట్టులా ఉంది. నిజం చెప్పాలంటే క్యాంపులో ఆ తేడాకి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు. విలాజ్ చాలు, ఈసారి అవే నాలుగు తీసుకెళ్తాను.

ఏరు లేని చోటికి వెళ్లేవాళ్లకి నేను ఇంటి దగ్గర సరిచూసుకున్న ఉపాయం ఒకటుంది. సీసాకి తడిగుడ్డ చుట్టి నీడలో గాలి ఆడే చోట పెట్టి, ఆరిపోకుండా తడుపుతూ ఉండండి. కుండలో నీళ్లు చల్లబడినట్టే చల్లబడుతుంది. తేలిక రెడ్‌కి అది సరిపోతుంది. తెల్ల వైన్‌కి మాత్రం ఐస్ కావాల్సిందే. ఐస్ గడ్డల్లో గుచ్చిపెట్టడం కన్నా, ఐస్, నీళ్లు సగం సగం వేసి గుప్పెడు ఉప్పు కలిపిన బకెట్లో ముంచితే పావుగంట, ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. మేం తాగే నీళ్ల సీసాలే ముందురోజు గడ్డకట్టించి ఐస్ డబ్బాలో పేర్చాం. అవే వైన్‌ని చల్లబరిచాయి, కరిగాక తాగడానికి పనికొచ్చాయి.

వెళ్లిన రోజు టెంట్లు వేసి, చెమటతో కూలబడ్డాక తెరిచింది వీన్యు వెర్ద్. పోర్చుగల్ వాయవ్య మూలన వానలు బాగా కురిసే పచ్చటి ప్రాంతంలోది. పేరుకి అర్థం పచ్చ వైన్, రంగుకి మాత్రం తెలుపే ఎక్కువ. లేతగా ఉన్నప్పుడే తాగేది. 10 శాతం ఆల్కహాల్, నాలుక మీద సన్నటి బుడగలు, నిమ్మతొక్క పులుపు. తిప్పే మూత. ఓపెనర్ వెతకనక్కర్లేదు, బిరడా బూజు వాసన భయం లేదు. ఆస్ట్రేలియా క్లేర్ లోయలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ తయారీదారులు 2000లో కలిసికట్టుగా ఈ మూతకి మారాక దీనికి గౌరవం వచ్చింది, తర్వాతి ఏడాది న్యూజిలాండ్ వాళ్లూ ఒక సంఘంగా అందుకున్నారు. ఆ మొదటి గంటకి ఈ వైన్ ప్రాణం పోసింది. కానీ దీనికి ఓర్పు తక్కువ. వేడెక్కిందా, బుడగలు పోయి పలుచటి నిమ్మనీళ్లు మిగులుతాయి. నిన్నటి ఐస్ కరగకముందు, మొదటి రోజే తాగేసేదిగా పెట్టుకోండి.

డబ్బా వైన్ నన్ను పెద్దగా మెప్పించలేదు. 250 మిల్లీలీటర్లవి నాలుగు తీసుకెళ్లాను, బుడగలున్న తెల్లది. మూడు డబ్బాలు ఒక సీసాతో సమానం. తేలిక, త్వరగా చల్లబడతాయి, ఒక్కరికే కావాలంటే సీసా తెరవక్కర్లేదు. ఇవన్నీ నిజమే. డబ్బాకే నోరు పెట్టి తాగితే వాసన ఏమీ అందదు, గ్లాసులో పోస్తే బుడగలు ఐదు నిమిషాల్లో సర్దుకుంటాయి. రెండు అలాగే ఇంటికొచ్చాయి. వీటిని పొరపాటున గడ్డకట్టే చోట పెట్టకండి, ఉబ్బి పగులుతాయి.

అత్తయ్యగారు మామూలుగా ముట్టుకోరు. ఆవిడ కోసం మోస్కాతో దాస్తి అనే తీపి వైన్ ఒక సీసా పెట్టాను. ఇటలీ పీడ్‌మాంట్‌ది, 5 శాతమే ఆల్కహాల్. పులియడం మధ్యలో ఉండగానే బాగా చల్లబరిచి ఆపేస్తారు, అందుకని ద్రాక్షలోని చక్కెర చాలావరకు అలాగే మిగిలిపోతుంది. ఆవిడ చిన్న గ్లాసులో కొంచెం పోయించుకుని, "ఇది పువ్వుల నీళ్లలా ఉందే" అని, పీచు పండు ముక్కలు చేసి అందులో వేసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడే "ఆ పువ్వులది ఇంకా ఉందా?" అని అడిగారు. ఆ మాటకి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. తీపి వైన్ అంటే తక్కువగా చూడకండి. ఎండ పొద్దున పండుతో తాగడానికి ఇంత తేలికైనది ఇంకోటి లేదు. ఒకటే జాగ్రత్త, పిల్లలకి ఇది కూల్‌డ్రింక్‌లా కనిపిస్తుంది, వాసన కూడా అలాగే ఉంటుంది. సగం తాగిన గ్లాసు ఎక్కడా వదలకూడదు.

అన్నయ్యగారు తెచ్చింది ఆస్ట్రేలియా బరోసా లోయ షిరాజ్, చిక్కటి రెడ్, 14.5 శాతం. మొదటి రాత్రే తెరవాలని పట్టుబట్టారు. గాలి ఆడటం లేదు, ఉక్కగా ఉంది. ఆ వేడిలో అది బరువుగా, మందుల సీసా తెరిచినట్టు ఘాటుగా అనిపించింది. "చెల్లెమ్మా, నీకు నచ్చలేదు కదూ?" అన్నారు. నచ్చలేదని చెప్పేశాను. సగం మిగిలితే, చిన్న నీళ్ల సీసాలోకి మెడదాకా నింపి మూత బిగించి ఐస్ డబ్బా అడుగున పెట్టాను. గాలికి చోటు లేకపోతే రెండు మూడు రోజులు ఆగుతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం వాన పడింది. రాత్రికి చలి దిగింది, అందరం దుప్పట్లు కప్పుకుని చలిమంట చుట్టూ చేరాం. అప్పుడు ఆ నీళ్ల సీసా గుర్తొచ్చింది. గ్లాసులో పోసి మంట పక్కన రెండు అరచేతుల్లో పట్టుకుని కాసేపు ఉంటే, మిరియాలు, నల్లటి పండు, కొంచెం చాక్లెట్. నేను మొదటి రాత్రి అన్న మాట వెనక్కి తీసుకున్నాను, అన్నయ్యగారికి ఎదురుగానే చెప్పాను. చలి ప్రదేశానికి వెళ్లేవాళ్లు ఒక్క సీసా తీసుకెళ్లండి. ఎండాకాలం క్యాంపుకి వద్దు.

చలికి వైన్ తాగితే వెచ్చగా ఉంటుందని అనిపిస్తుంది. అది ఒంటి పైభాగానికే. చర్మం దగ్గర రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది, నిజానికి ఒళ్లు చల్లబడుతుంది. అందుకని ముందు స్వెటరు, తర్వాత గ్లాసు. ఇంకో ఏర్పాటు మా వదినది. రోజుకొకరు కారు తాళాలు పెట్టుకుంటారు, ఆ రోజు వాళ్లు చుక్క ముట్టరు. రాత్రి పిల్లలకి ఏదైనా అయితే ఆస్పత్రికి తీసుకెళ్లేది, పడుకునేముందు మంట మీద నీళ్లు పోసి బూడిద కలిపి చూసేది వాళ్లే. మూడో రోజు నా వంతు. ఏట్లో ఈతలన్నీ వైన్ తెరవకముందే అయిపోవాలన్నది కూడా ఆవిడ పెట్టిన నియమమే. ఎవరూ వాదించలేదు.

గ్లాసుల సంగతి త్వరగా చెప్పేస్తాను. కాడలేని పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) గ్లాసులు ఆరు కొన్నాను, డబ్బులు దండగ కాలేదు. నోరు కొంచెం లోపలికి వంగి ఉంటే వాసన నిలుస్తుంది. స్టీలు గ్లాసు చల్లటి రోజేకి బాగుంది, పెదవికి తగిలే ఆ చల్లదనం నాకు ఇష్టం. బోజొలేకి మాత్రం వాసన చెదిరిపోయింది. ఏదైనా మూడోవంతే పోయండి. చీకటి పడగానే వైన్ వాసనకి సన్నటి ఈగలు వచ్చి గ్లాసులో పడతాయి, పైన మూతగా ఒక సాసరో, చిన్న గుడ్డో ఉంచుకోవాలి.

ఎంత పట్టుకెళ్లాలన్నది అందరూ అడిగే ప్రశ్న. 750 మిల్లీలీటర్ల సీసా అంటే 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు. తాగేవాళ్లం ఐదుగురం, మనిషికి రాత్రికి గ్లాసున్నర అనుకుంటే ఐదు రాత్రులకి 37, 38 గ్లాసులు, అంటే ఏడున్నర సీసాలు. రోజే పెట్టె 20 గ్లాసులు, బోజొలే 10, వీన్యు వెర్ద్ 5, షిరాజ్ 5. లెక్క దాదాపు సరిపోయింది. తాళాల వంతు వల్ల కొంత తగ్గింది, సంచిలో రెండు గ్లాసులు ఇంటికొచ్చాయి.

చివరిది మదీరా. బ్వాల్ అనే ద్రాక్ష రకం, 19 శాతం, అర లీటరు సీసా. దీన్ని నేను కావాలనే, పట్టుబట్టి తీసుకెళ్లాను. పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవినుంచి ఓడల్లో భూమధ్యరేఖ దాటి వెళ్లి వచ్చిన పీపాల్లో వైన్, ఆ వేడికి పాడవ్వకపోగా ఇంకా బాగుందని ఒకప్పటి వర్తకులు కనిపెట్టారు. ఇప్పుడు ఓడ ఎక్కించకుండా, వెచ్చటి అటకల మీద పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు, లేదా తొట్టిలో 45 నుంచి 50 డిగ్రీల దాకా కనీసం మూడు నెలలు వేడిచేస్తారు. పోయినసారి మా కారు డిక్కీలో మంచి వైన్‌ని చంపేసిన వేడి అది. ఈ వైన్ దాని మీదే తయారవుతుంది.

ఐదో రాత్రి పిల్లలు పడుకున్నాక తెరిచాం. చిన్న కప్పుల్లో రెండు గుటకల చొప్పున పోశాను, ఇది అంతకన్నా ఎక్కువ తాగేది కాదు. వేయించిన బాదంపప్పు, కాల్చిన చక్కెర, ఎండు నారింజ తొక్క, చివర్లో తీపిని కోసే పులుపు. మా ఆయన కప్పు ముక్కు దగ్గరే పెట్టుకుని చాలాసేపు తాగలేదు. "పోయినసారి సీసా గుర్తొచ్చిందా?" అని అడిగాను. తలూపాడు.

సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు మిగిలింది. తిరుగు ప్రయాణంలో డిక్కీలోనే పెట్టాను, మేజోడు కూడా తొడగలేదు. ఇంటికొచ్చి మూడు నెలలైంది, వంటింటి అలమారాలో నిలబెట్టే ఉంచాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక తీసి ఇద్దరం పోసుకున్నాం. ఆ రాత్రి ఉన్నట్టే ఉంది. ఇంకా రెండు వేళ్లు మిగిలింది.